మారిషస్ – రోడ్రిగ్స్ విమానం: దూరం 598 కి.మీ., సమయం గంటన్నర. ఈ లెక్క ఎలా వస్తుంది?

దీవులబాట (#1)
మారిషస్ ప్రధాన దీవి నుంచి రోడ్రిగ్స్ దీవికి విమాన దూరం ఎంతో వెతికితే ఒకచోట 323 అని, ఒకచోట 371 అని, మరోచోట 598 అని, ఇంకోచోట 620 అని ఉంది. ప్రయాణ సమయం కూడా అంతే. దూరం చూపించే సైట్లు 45 నిమిషాలంటాయి, కొన్ని గంటా పావంటాయి, టికెట్ మీద మాత్రం దాదాపు గంటన్నర ఉంటుంది. ఇందులో ఏది దేని లెక్క? హైదరాబాద్ నుంచి ముంబయి మీదుగా మారిషస్ వచ్చి, అక్కడి నుంచి రోడ్రిగ్స్ వెళ్ళేవాళ్ళు మధ్యలో ఎంత వ్యవధి పెట్టుకోవాలి? తెలిసినవాళ్ళు వివరంగా రాస్తే అందరికీ పనికొస్తుంది.

రేఖాంశం (#2)
ముందు దూరం సంగతి తేల్చేద్దాం. మీరు చూసిన మొదటి మూడు అంకెలూ ఒకే దూరం, కొలత మాత్రమే వేరు. 323 నాటికల్ మైళ్ళు, 371 మామూలు మైళ్ళు, 598 కిలోమీటర్లు. విమానయానంలో వాడేది నాటికల్ మైలు, అంటే 1.852 కి.మీ. సైట్లలో "మైళ్ళు" అని మాత్రమే రాసి ఏ మైలో చెప్పకపోవడం వల్ల ఈ తికమక.

నాలుగోది, 620, ఊరి నుంచి ఊరికి. పోర్ట్ లూయిస్ మారిషస్‌లో వాయవ్యాన ఉంది, విమానాశ్రయం ఉన్న ప్లెసాన్స్ ఆగ్నేయాన. అటు రోడ్రిగ్స్‌లో పోర్ట్ మాథురిన్ ఉత్తర తీరంలో, ప్లేన్ కొరాయ్ విమానాశ్రయం నైరుతి మూలన. ఊళ్ళు కొలిస్తే ఇరవై కిలోమీటర్లకి పైగా పెరుగుతుంది. విమానం ఊళ్ళో దిగదు కాబట్టి ఆ అంకె మనకి అక్కర్లేదు.

చేత్తో సరిచూసుకోవాలంటే ఇలా చేయండి.

ప్లెసాన్స్: 20.430 దక్షిణం, 57.684 తూర్పు.
ప్లేన్ కొరాయ్: 19.758 దక్షిణం, 63.361 తూర్పు.

అక్షాంశాల తేడా 0.672 డిగ్రీలు. ఒక డిగ్రీకి 111.2 కి.మీ. చొప్పున 75 కి.మీ. ఉత్తరానికి.
రేఖాంశాల తేడా 5.677 డిగ్రీలు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, దీన్ని కూడా 111తో గుణిస్తారు. భూమధ్యరేఖ నుంచి దూరం జరిగేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కనుక సగటు అక్షాంశం (20.09) కొసైన్‌తో గుణించాలి. అది 0.939. అంటే ఇక్కడ ఒక డిగ్రీ రేఖాంశం 104.4 కి.మీ. మాత్రమే. 5.677 సార్లు 104.4 అంటే 593 కి.మీ. తూర్పుకి.
రెండిటి వర్గాల మొత్తానికి వర్గమూలం: 597.6 కి.మీ.

భూమిని గుండ్రటి బంతి అనుకుంటే వచ్చిన అంకె ఇది. ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయిన ఆకారం తీసుకుంటే (జీపీఎస్ వాడేది అదే) 598.4 వస్తుంది. కొసైన్ మరచిపోయి గుణిస్తే 636 వస్తుంది, కాబట్టి ఎక్కడైనా ఆ అంకె కనిపిస్తే కారణం ఇదని తెలుసుకోండి.

గ్రేట్ సర్కిల్ (భూగోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి) దారికీ, దిక్సూచి ఒకే దిక్కులో పట్టుకుని పోయే దారికీ ఇంత తక్కువ దూరంలో తేడా దాదాపు 30 మీటర్లే. హైదరాబాద్ నుంచి డాలస్ లాంటి దూరాలకి గ్రేట్ సర్కిల్ ప్రాణం. ఇక్కడ దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

టర్బోప్రాప్72 (#3)
దూరం తేలింది కాబట్టి సమయం నేను రాస్తాను.

45 నిమిషాలు అని చూపించే సైట్లు గంటకి 800 కి.మీ. వేగం పెట్టి భాగిస్తాయి. అది జెట్ క్రూయిజ్ వేగం, అంటే పైకెక్కాక నిలకడగా వెళ్ళే వేగం. ఈ దారిలో ఎయిర్ మారిషస్ నడిపేది ఏటీఆర్ 72, రెండు ప్రొపెల్లర్ల టర్బోప్రాప్. దాని క్రూయిజ్ వేగం గంటకి 500 కి.మీ., అంటే 270 నాట్స్ (గంటకి 270 నాటికల్ మైళ్ళు). గంటా పావు చూపించేవి జెట్ వేగానికి అరగంట కలుపుతాయి. రెండూ ఈ విమానానికి వర్తించవు.

323 నాటికల్ మైళ్ళు ఎలా ఖర్చవుతాయో చూడండి. ఇక్కడి నుంచి మైళ్ళంటే నాటికల్ మైళ్ళే. గాలి లేదనుకుని, 17,000 అడుగుల ఎత్తులో వెళ్తుందనుకుందాం.

ఎక్కడం: నిమిషానికి సగటున వెయ్యి అడుగులు. 17 నిమిషాలు. ఈ దశలో వేగం తక్కువ, సగటు 200 నాట్స్. కాబట్టి 57 మైళ్ళు గడుస్తాయి.
దిగడం: వెయ్యి అడుగులకి 3 మైళ్ళు చొప్పున 51 మైళ్ళ ముందు మొదలవుతుంది. సగటు 240 నాట్స్, 13 నిమిషాలు.
మధ్యలో మిగిలింది 215 మైళ్ళు. 270 నాట్స్‌లో 48 నిమిషాలు.

ఇది 78 నిమిషాలు. దీనికి రన్‌వేకి వరుస కలపడం, వేగం తగ్గించి ఫ్లాప్స్ దింపి దిగడం కలిపి ఇంకో 5. ప్లెసాన్స్‌లో టాక్సీ (విమానం నేలమీద నడవడం) 5, ప్లేన్ కొరాయ్‌లో 3. మొత్తం 91 నిమిషాలు. టికెట్ మీది గంటన్నర అదే.

టికెట్ మీద ఉండేది బ్లాక్ టైమ్ అని గుర్తుంచుకోండి. చక్రాల కింద అడ్డుచెక్కలు తీసినప్పటి నుంచి మళ్ళీ పెట్టేదాకా. విమానం గాల్లో ఉండేది అందులో 80 నుంచి 85 నిమిషాలు.

ఇంకో మాట. రెండు దీవులదీ ఒకే టైమ్ జోన్, యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయానికి) 4 గంటలు ముందు. కాబట్టి టికెట్ మీద బయల్దేరే, చేరే సమయాల తేడాయే ప్రయాణ సమయం. ముంబయి – మారిషస్ టికెట్‌లో మాత్రం అలా కాదు, మన సమయం వాళ్ళకంటే గంటన్నర ముందు ఉంటుంది. వెళ్ళేటప్పుడు గంటన్నర కలపాలి, వచ్చేటప్పుడు తీసెయ్యాలి.

దీవులబాట (#4)
చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలు. ఒక సందేహం. ఆ ప్రాంతంలో ఏడాది పొడుగునా ఆగ్నేయ వాణిజ్య పవనాలు అంటారు కదా. తూర్పు నుంచి వీచే గాలి కాబట్టి రోడ్రిగ్స్ వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి అవ్వాలి. అలాంటప్పుడు వచ్చే ప్రయాణం తొందరగా ముగియాలి కదా? కొన్ని రోజుల్లో అది ఎక్కువ సేపు పడుతున్నట్టు కనిపిస్తోంది.

గాలివాటు (#5)
మీ తర్కం నేలమీద నిజం, 17,000 అడుగుల మీద కాదు. వాణిజ్య పవనం పల్చటి పొర. పైకి వెళ్ళేకొద్దీ అది బలహీనపడి దిక్కు మారుతుంది. చలికాలంలో, అంటే అక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా, కింద ఆగ్నేయ గాలి గట్టిగా కొడుతుంటే, విమానం వెళ్ళే ఎత్తులో తరచూ పడమటి గాలి ఉంటుంది. అప్పుడు రోడ్రిగ్స్ వెళ్ళేటప్పుడు వెనకగాలి, వచ్చేటప్పుడు ఎదురుగాలి. ఎండాకాలంలో తూర్పు గాలి ఇంకా పైదాకా వ్యాపిస్తుంది, తేడా తగ్గుతుంది, కొన్నిసార్లు తారుమారవుతుంది. కాబట్టి తీరంలో కొబ్బరాకులు ఎటు ఊగుతున్నాయో చూసి ప్రయాణ సమయం అంచనా వెయ్యకూడదు.

గాలి ప్రభావం ఎంతో కూడా చెప్తాను. క్రూయిజ్ భాగం 215 మైళ్ళే కదా. 25 నాట్స్ వెనకగాలి ఉంటే 44 నిమిషాలు, 25 ఎదురుగాలి ఉంటే 53 నిమిషాలు. గాలి లేకుండా 48. అంటే లాభం 4, నష్టం 5. ఈ రెండూ ఎప్పుడూ సమానం కావు. ఎదురుగాలిలో విమానం ఎక్కువ సేపు ఉంటుంది కాబట్టి నష్టమే పెద్దది. రానూపోనూ కలిపి చూస్తే గాలి ఎప్పుడూ సమయం తింటుంది, అది ఎటు వీచినా సరే.

కానీ తిరుగు ప్రయాణం పొడుగవ్వడానికి రెండో కారణం ఉంది, నా దృష్టిలో అదే ముఖ్యం. రన్‌వేల దిక్కు.

నేలమీది గాలి ఆగ్నేయం నుంచి కాబట్టి ప్లెసాన్స్‌లో రన్‌వే 14, ప్లేన్ కొరాయ్‌లో రన్‌వే 12 ఎక్కువ వాడతారు (నంబరుని పదితో గుణిస్తే ఆ దిక్కు డిగ్రీల్లో వస్తుంది). వెళ్ళేటప్పుడు: 14 మీద లేచి కాస్త ఎడమకి తిరిగితే చాలు, దారి పట్టేస్తుంది. రోడ్రిగ్స్ దగ్గర పడమర నుంచే వస్తోంది, రన్‌వే 12 దాదాపు ముక్కుసూటిగా ఎదురవుతుంది. నేరుగా దిగుతుంది. వచ్చేటప్పుడు: 12 మీద లేచాక ముక్కు తూర్పుకి ఉంటుంది, వెళ్ళాల్సింది పడమరకి. పూర్తిగా వెనక్కి తిరగాలి. ప్లెసాన్స్ చేరాక మళ్ళీ అదే కథ. తూర్పు నుంచి వచ్చిన విమానం రన్‌వే 14కి వాయవ్యం వైపు నుంచి దిగాలి, ఐఎల్ఎస్ (రేడియో సంకేతాలతో రన్‌వేకి దారి చూపే ఏర్పాటు) ఉన్నది కూడా అటువైపే. పక్కనుంచి దాటుకుని పోయి, వెనక్కి తిరిగి వరుసలోకి రావాలి. ఈ తిరగడాలకే ఐదు నుంచి పది నిమిషాలు పోతాయి. అదే సమయానికి పెద్ద విమానాలు వరసలో ఉంటే ఇంకొంచెం.

రేఖాంశం (#6)
గాలివాటు గారి మాటకి చిన్న చేర్పు. అక్కడి వాతావరణ నివేదికలు చూసి లెక్కలు వేసేవాళ్ళు జాగ్రత్తపడాల్సిన చోటు ఒకటుంది. మెటార్ (విమానాశ్రయ వాతావరణ) నివేదికలో గాలి దిక్కు భౌగోళిక ఉత్తరం నుంచి కొలిచింది. రన్‌వే నంబరు అయస్కాంత ఉత్తరం నుంచి. మన దగ్గర ఈ రెండిటి తేడా ఒక డిగ్రీ అటూ ఇటూ, అందుకే మనవాళ్ళకి పట్టించుకునే అలవాటు లేదు. మస్కరీన్ దీవుల (మారిషస్, రోడ్రిగ్స్, రీయూనియన్) దగ్గర అయస్కాంత తేడా పడమరకి 15 డిగ్రీలకి పైనే.

17 అనుకుని ఒక ఉదాహరణ. మెటార్‌లో గాలి 140 నుంచి 18 నాట్స్ అని ఉంది. రన్‌వే 12, అంటే 120. తేడా 20 డిగ్రీలే అనుకుంటే అడ్డగాలి 6 నాట్స్ వస్తుంది. అయస్కాంత తేడా పడమరకి కాబట్టి 17 కలపాలి, అయస్కాంత లెక్కలో గాలి 157 నుంచి. రన్‌వేతో కోణం 37 డిగ్రీలు, అడ్డగాలి దాదాపు 11 నాట్స్. ఒకటికి దాదాపు రెండు రెట్లు. ఏటీఆర్‌కి ఇది పెద్ద గాలి కాదు. కానీ గట్టిగా వీచే రోజున ఈ తప్పు లెక్కతో "విమానం ఎందుకు దిగలేదు" అని ఆశ్చర్యపోతారు.

టవర్ నుంచి పైలట్‌కి చెప్పే గాలి మాత్రం అయస్కాంత దిక్కులోనే ఉంటుంది, దానికి ఏమీ కలపకూడదు.

ఇంధనలెక్క (#7)
అందరూ సమయం గురించి మాట్లాడుతున్నారు. ఈ దారిలో అసలు ప్రశ్న రోడ్రిగ్స్‌లో దిగలేకపోతే ఎక్కడికి వెళ్ళాలి అన్నది. చుట్టూ సముద్రం. దగ్గరి విమానాశ్రయం ఏదంటే బయల్దేరిన చోటే, 323 మైళ్ళ వెనక. దాన్ని దాటి రీయూనియన్ ఇంకో 125 మైళ్ళు. తూర్పుకి వెళ్తే ఏమీ లేదు.

హైదరాబాద్‌లో దిగలేకపోతే విజయవాడో బెంగళూరో చెన్నయో ఉంటాయి. దీవికి ఆ వసతి లేదు. అందుకని అంతర్జాతీయ నిబంధనల్లో రెండు దారులున్నాయి.

మొదటిది, ప్లెసాన్స్‌నే ప్రత్యామ్నాయ విమానాశ్రయంగా పెట్టుకోవడం. అంటే వెళ్ళడానికి, దిగలేక తిరిగి రావడానికి, ఆపైన అరగంట గాల్లో తిరగడానికి సరిపడా ఇంధనం పోసుకుని బయల్దేరాలి.
రెండోది, రోడ్రిగ్స్‌ని ఒంటరి విమానాశ్రయంగా ప్రకటించడం. అప్పుడు ప్రత్యామ్నాయం అక్కర్లేదు. బదులుగా దీవి మీదికి చేరేసరికి మామూలు క్రూయిజ్ వాడకంలో రెండు గంటలకి సరిపడా ఇంధనం మిగలాలి. చివరి అరగంట నిల్వ అందులో భాగమే.

గంటకి 700 కిలోల వాడకం అనుకుని చేతి లెక్క వేద్దాం. ఇది పనికొచ్చే అంచనా, విమానం మాన్యువల్ అంకె కాదు.

వెళ్ళడానికి 900 కిలోలు. అనుకోని ఖర్చుకి అందులో 5 శాతం, 45. టాక్సీకి 20. తిరిగి రావడానికి 900 నుంచి 950. చివరి అరగంటకి 300 పైచిలుకు. మొత్తం దాదాపు 2,200 కిలోలు.

రెండో పద్ధతిలో చివరి రెండు అంశాల బదులు 1,400 కిలోలు. చూశారా, రెండు దారులూ దగ్గర దగ్గరగా వచ్చాయి. కారణం, తిరుగు దారే గంటా ఇరవై నిమిషాలు, దానికి అరగంట కలిపితే రెండు గంటలకి దగ్గర పడుతుంది. ఇంకా దూరపు దీవి అయితే మొదటి దారి అసాధ్యమవుతుంది, అప్పుడు రెండు గంటల నియమమే గతి.

ఏటీఆర్ 72 ట్యాంకుల్లో 5,000 కిలోలు పడుతుంది కాబట్టి ట్యాంకు చాలదన్న సమస్య లేదు. సమస్యంతా బరువుతోనే. ప్రతి 100 కిలోల ఇంధనానికీ సామానుతో సహా ఒక మనిషిని దించాల్సి వస్తుంది. ఒక వెసులుబాటు ఉంది. దీవిలో మామూలుగా దిగాక ఆ తిరుగు ఇంధనం ట్యాంకులోనే ఉంటుంది, వచ్చే ట్రిప్పుకి కావలసిన దానిలో చాలా భాగం అదే. వచ్చేటప్పుడు ప్రత్యామ్నాయం రీయూనియన్, అది దగ్గర కాబట్టి అవసరం తక్కువ.

దీవులబాట (#8)
తిరిగిరాని బిందువు అని ఒకటి విన్నాను, "పాయింట్ ఆఫ్ నో రిటర్న్". ఈ దారిలో అది ఎక్కడ వస్తుంది?

ఇంధనలెక్క (#9)
పొట్టిగా పీఎన్ఆర్ అంటారు. టికెట్ మీద ఉండే పీఎన్ఆర్‌కీ దీనికీ సంబంధం లేదు.

సూత్రం: నిల్వ తీసేసిన ఇంధనంతో ఎన్ని గంటలు ఎగరగలదో తీసుకోండి. దాన్ని వెళ్ళే నేలవేగంతో (గాలి ప్రభావం కలిపిన వేగంతో), వచ్చే నేలవేగంతో గుణించి, ఆ రెండు వేగాల మొత్తంతో భాగించండి.

చలికాలపు పడమటి గాలి 20 నాట్స్ అనుకుందాం. వెళ్ళే వేగం 290, వచ్చే వేగం 250. రెండు గంటల ఇంధనం ఉంటే: 2 × 290 × 250 ÷ 540 = 268 మైళ్ళు. అంటే రోడ్రిగ్స్‌కి 55 మైళ్ళు ముందే నిర్ణయం తీసుకోవాలి. ఆ చోటు దాటితే దిగి తీరాల్సిందే. మూడు గంటల ఇంధనం ఉంటే 403 మైళ్ళు వస్తుంది, దారి పొడుగే 323. అంటే దీవి మీదికి వచ్చి, రన్‌వే చూసి, కాసేపు ఆగి కూడా వెనక్కి రావచ్చు. తిరిగి రావడానికి ఇంధనం పోసుకున్న విమానానికి దారిలో తిరిగిరాని బిందువే ఉండదు. బరువు కారణంగా సీట్లు ఖాళీగా పోతున్నాయని విసుక్కునేవాళ్ళు ఈ ఒక్క అంకె చూడాలి.

దీన్ని సమాన సమయ బిందువుతో కలపకండి. అది ఇంధనంతో సంబంధం లేనిది. ఏదైనా ఇబ్బంది వస్తే ముందుకు వెళ్ళినా వెనక్కి వచ్చినా ఒకే సమయం పట్టే చోటు. 323 × 250 ÷ 540 = 150 మైళ్ళు. సగం 161 కదా, అయినా 150కే వచ్చింది. ఎందుకంటే వెనకగాలి ఉన్నప్పుడు ముందుకు వెళ్ళడమే తేలిక. ఆ బిందువు ఎప్పుడూ గాలి వచ్చే వైపుకి జరుగుతుంది. ఇది తిరగేసి చెప్పే వివరణలు చాలాచోట్ల కనిపిస్తాయి, అంకెలు వేసి చూసుకోండి.

టర్బోప్రాప్72 (#10)
పై పోస్టులో వేగాలు రెండు ఇంజన్లూ పనిచేస్తున్నప్పటివి. ఒక ఇంజన్ ఆగితే ఏటీఆర్ 17,000 అడుగుల్లో నిలవలేదు, కిందికి జారుతుంది, వేగం 200 నాట్స్ చుట్టూ ఉంటుంది. అప్పుడు గాలి పాలు పెరుగుతుంది కాబట్టి సమాన సమయ బిందువు ఇంకా జరుగుతుంది. ఇదే 20 నాట్స్ గాలితో: 323 × 180 ÷ 400 = 145 మైళ్ళు. అక్కడి నుంచి వెనక్కి 48 నిమిషాలు, ముందుకీ 48 నిమిషాలే. రెండు ఇంజన్ల విమానం ఒక ఇంజన్ మీద గంట దూరంలో ఏదో ఒక విమానాశ్రయం ఉండాలన్న మామూలు నియమం లోపలే ఉంది. రోడ్రిగ్స్ తెరిచి ఉన్నంతకాలం ఈ దారికి ప్రత్యేక అనుమతుల అవసరం రాదు.

ఇక రన్‌వే. ప్లెసాన్స్‌లో 3,370 మీటర్లు, ఎంత పెద్ద విమానానికైనా సరిపోతుంది. ప్లేన్ కొరాయ్‌లో 1,287 మీటర్లు. ఈ దారి కష్టాలన్నిటికీ మూలం ఈ రెండో అంకె.

బయల్దేరే ముందు వేసే లెక్కలో టర్బోప్రాప్ దిగే దూరం రన్‌వేలో 70 శాతం దాటకూడదు. మొత్తం పొడుగూ దొరికిందనుకున్నా 901 మీటర్లు. తడి రన్‌వే అయితే ఇంకో 15 శాతం మార్జిన్, అంటే 783 మీటర్లలో ఆగగలిగే బరువే తీసుకెళ్ళాలి. జెట్‌లకి 60 శాతమే, అంటే 772 మీటర్లు. ఎయిర్‌బస్ 320 తరగతి విమానం అందులో ఆగదు. రోడ్రిగ్స్‌కి జెట్ ఎందుకు లేదన్న ప్రశ్నకి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

ఎదురుగాలి సాయం చేస్తుంది, కానీ లెక్కలో సగమే కలుపుకోనిస్తారు. వెనకగాలి అయితే ఒకటిన్నర రెట్లు తీసుకోవాలి. 20 నాట్స్ ఎదురుగాలి ఉన్నా పదే లెక్కకి వస్తుంది. గాలి పడిపోయి, ఎండ ముదిరి, 30 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఈ రన్‌వే మీంచి లేవడమే అన్నిటికంటే కష్టం. వేడిగాలి పల్చన, ఇంజన్ బలం తగ్గుతుంది, రెక్కకి ఎత్తే శక్తీ తగ్గుతుంది. అలాంటి రోజున సామాన్లు తర్వాతి విమానంలో రావడం, కొన్ని సీట్లు అమ్మకుండా ఆపడం జరుగుతుంది.

మన దేశంలో దీనికి సరైన పోలిక లక్షద్వీప్‌లోని అగత్తి. రన్‌వే 1,204 మీటర్లు, కొచ్చి నుంచి 468 కి.మీ., అక్కడా ఏటీఆర్ 72. రెండు చోట్లా సమస్య ఒకటే, పరిష్కారమూ ఒకటే: బరువు తగ్గించుకోవడం.

గాలివాటు (#11)
రోడ్రిగ్స్‌లో 2,100 మీటర్ల కొత్త రన్‌వే ప్రణాళిక ఉంది కదా, ఎయిర్‌బస్ 321 నియో స్థాయి విమానాల కోసం. అది వస్తే సమయం సగానికి తగ్గుతుందని కొందరు రాస్తున్నారు. నా లెక్కలో అంత రావట్లేదు.

టర్బోప్రాప్72 (#12)
రాదు. ఒక సులువు సూత్రం చెప్తాను, ఏ రెండు దీవుల మధ్యయినా వాడుకోవచ్చు.

ఏటీఆర్: నాటికల్ మైళ్ళని 4.5తో భాగించి 20 నిమిషాలు కలపండి. (270 నాట్స్ అంటే నిమిషానికి 4.5 మైళ్ళు.) కిలోమీటర్లలో అయితే 8.3తో భాగించాలి.
జెట్: 7.5తో భాగించి 30 నిమిషాలు కలపండి.

రోడ్రిగ్స్‌కి: ఏటీఆర్ 72 + 20 = 92 నిమిషాలు. జెట్ 43 + 30 = 73. తేడా 19 నిమిషాలు.

మారిషస్ – రీయూనియన్ చూడండి, 232 కి.మీ., అంటే 125 మైళ్ళు. ఏటీఆర్ 28 + 20 = 48. జెట్ 17 + 30 = 47. ఇంత తక్కువ దూరంలో జెట్ వేగం ఎక్కడా అక్కరకు రాదు. పైకి ఎక్కేసరికి దిగడం మొదలవుతుంది. టైమ్ టేబుల్‌లో ఏ విమానం వేసినా ముప్పావు గంట చుట్టూ కనిపించడానికి కారణం ఇదే.

కాబట్టి కొత్త రన్‌వే వల్ల లాభం 19 నిమిషాలు కాదు. ఒకేసారి రెట్టింపు మందికి పైగా, బరువు కోతలు లేకుండా వెళ్ళగలగడం. ఎక్కడో నాలుగు కిలోల బ్యాగ్ కోసం తూకం దగ్గర గొడవ పడే పరిస్థితి పోతుంది. దీవిలో నలభై వేలకి పైగా జనం ఉన్నారు, పెద్దాసుపత్రికీ పై చదువులకీ మారిషస్ రావాల్సినవాళ్ళకి అది చాలా పెద్ద మార్పు. 1972లో ఎయిర్ మారిషస్ ఈ దారిలో చిన్న పైపర్ నవాహోతో మొదలుపెట్టింది. ఆ విమానంలో పదిమంది కూడా పట్టరు. అక్కడి నుంచి ఏటీఆర్ దాకా వచ్చింది.

రేఖాంశం (#13)
మీ సూత్రంలో ఆ 20 నిమిషాలు ఎక్కడివో కూడా రాయండి, లేకపోతే ఎవరైనా 60 మైళ్ళ దూరానికి కూడా వాడేస్తారు.

టర్బోప్రాప్72 (#14)
నిజమే, చెప్పాల్సింది. టాక్సీ 8, అప్రోచ్ (రన్‌వేకి వరుస కలిపి దిగడం) 5, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ క్రూయిజ్ కంటే నెమ్మదిగా వెళ్ళడం వల్ల పోయే 6 లేదా 7. వంద మైళ్ళ లోపు దూరానికి విమానం 17,000 అడుగుల దాకా వెళ్ళదు, కాబట్టి ఆ చివరి అంశం తగ్గుతుంది, 15 కలిపితే చాలు. పెద్ద, రద్దీ విమానాశ్రయం ఒక చివర ఉంటే టాక్సీకి ఇంకో 10 కలపాలి.

మేఘమాల (#15)
కనెక్షన్ సంగతి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను.

ముంబయి నుంచి మారిషస్ దిగాక ఇమిగ్రేషన్, సామాను, కస్టమ్స్ పూర్తిచేసి మళ్ళీ దేశీయ విమానానికి చెక్-ఇన్ చెయ్యాలి. రోడ్రిగ్స్ మారిషస్ దేశంలో భాగమే, 2002 నుంచి స్వయంప్రతిపత్తి ఉన్న ప్రాంతం. వేరే వీసా అక్కర్లేదు, పాస్‌పోర్ట్ మాత్రం చేతిలో ఉండాలి. ఒకే టికెట్ మీద ఉంటే కనీసం రెండున్నర గంటలు, వేర్వేరు టికెట్లయితే నాలుగు గంటలు పెట్టుకోండి. ఒకే టికెట్‌కి ప్రాముఖ్యం ఎందుకంటే, మొదటి విమానం ఆలస్యమైతే తర్వాతి దానిలో చోటు ఇవ్వాల్సిన బాధ్యత విమాన సంస్థది అవుతుంది. వేరే టికెట్ అయితే మీ డబ్బులు పోయినట్టే.

సామాను బరువు విషయంలో రెండు టికెట్లనీ విడివిడిగా చదవండి. అంతర్జాతీయ టికెట్ మీద రాసిన కిలోలు రోడ్రిగ్స్ టికెట్‌కి వర్తిస్తాయని అనుకోవద్దు. పైన టర్బోప్రాప్72 గారు చెప్పిన బరువు సమస్య వల్ల ఇక్కడ ప్రతి కిలో తూస్తారు. అదనపు సామాను డబ్బు కట్టినా అదే విమానంలో వస్తుందన్న భరోసా ఉండదు. మందులు, చార్జర్లు, ఒక జత బట్టలు చేతిసంచిలో పెట్టుకోండి.

తిరుగు ప్రయాణం ఇంకా ముఖ్యం. రోడ్రిగ్స్ నుంచి వచ్చిన రోజే ముంబయి విమానం ఎక్కే ఏర్పాటు పెట్టుకోవద్దు. ఒక రాత్రి మారిషస్‌లో ఉండేలా చూసుకోండి. గాలి, వాన, తక్కువ మబ్బు, వీటిలో ఏది వచ్చినా ఆలస్యం గంటల్లో ఉండదు, రోజుల్లో ఉంటుంది. రద్దయిన విమానంలో డెబ్బై మంది ఉంటే తర్వాతి విమానాల్లో ఖాళీ సీట్లు నాలుగో ఐదో ఉంటాయి. ఆ వెనకబాటు తీరడానికే టైమ్ పడుతుంది. ఓడ ఉంది కానీ దానికి ఒక రోజుకి మించి పడుతుంది, అది కూడా రోజూ ఉండదు.

గాలివాటు (#16)
తుఫాను కాలం తేదీలు కూడా చేర్చండి మేఘమాల గారూ. నైరుతి హిందూ మహాసముద్రంలో తుఫానులు నవంబరు నుంచి మొదలవుతాయి. ఆ ప్రాంతం మొత్తానికి హెచ్చరిక కేంద్రం రీయూనియన్‌లో ఉంది. మారిషస్‌కి కాలం మే 15 దాకా లెక్కిస్తారు. ఎక్కువగా వచ్చేది జనవరి నుంచి మార్చి. మన బంగాళాఖాతం లెక్కలో అక్టోబరు, నవంబరు దాటితే భయం లేదనుకునే అలవాటుతో టికెట్ కొనకండి.

మారిషస్‌లో హెచ్చరికలు ఒకటి నుంచి నాలుగు తరగతులుగా ఇస్తారు. రోడ్రిగ్స్‌కి విడిగా ఇస్తారు, రెండు దీవుల మధ్య దాదాపు 600 కి.మీ. ఉంది కదా. తరచూ జరిగేది ఏంటంటే, తుఫాను తూర్పు నుంచి పడమరకి కదులుతుంది కాబట్టి ముందు రోడ్రిగ్స్ మూతపడుతుంది, అది తెరుచుకునేసరికి మారిషస్ వంతు వస్తుంది. విమానం ఒక దీవిలో, ప్రయాణికులు ఇంకో దీవిలో చిక్కుకుంటారు. మూడో తరగతి రాకముందే విమానాలని సురక్షితమైన చోటికి పంపేస్తారు, ఎందుకంటే ఏటీఆర్ లాంటి తేలిక విమానం బయట నిలబడి ఆ గాలిని తట్టుకోలేదు. తరగతి దిగిన మర్నాడే సర్వీసు మొదలవుతుందని అనుకోకండి. విమానం వెనక్కి రావాలి, రన్‌వే తనిఖీ అవ్వాలి, సిబ్బంది ఇళ్ళ నుంచి చేరుకోవాలి.

ఉగాది మారిషస్‌లో ప్రభుత్వ సెలవు. అక్కడి తెలుగువాళ్ళ పండగ చూసి, పనిలో పనిగా రోడ్రిగ్స్ కూడా వెళ్ళాలనుకునేవాళ్ళకి ఇది వర్తిస్తుంది. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో తుఫాను కాలం ఇంకా ముగియదు. ముందు రోడ్రిగ్స్ వెళ్ళొచ్చి, పండగ రోజులు ప్రధాన దీవిలో ఉండేలా పెట్టుకుంటే, రోడ్రిగ్స్ నుంచి రావడం రెండు రోజులు ఆలస్యమైనా ముంబయి విమానం తప్పదు.

దీవులబాట (#17)
#12లోని సూత్రం అగత్తికి వేసి చూశాను: 468 ÷ 8.3 = 56, దానికి 20 కలిపితే 76 నిమిషాలు. కొచ్చి లాంటి రద్దీ విమానాశ్రయానికి #14 ప్రకారం ఇంకో 10, అంటే 86. సరిగ్గానే వేశానా?

టర్బోప్రాప్72 (#18)
సరిగ్గానే ఉంది. వానాకాలంలో అయితే ఇంకో ఐదు కలపండి. అక్కడ జూన్ నుంచి పడమటి గాలి కిందనుంచి క్రూయిజ్ ఎత్తు దాకా ఉంటుంది, కొచ్చి నుంచి వెళ్ళేటప్పుడు దారంతా ఎదురుగాలే. రోడ్రిగ్స్‌లా పైనొకటి కిందొకటి కాదు.